90 శాతం అయిపోయింది

(కూకట్‌పల్లిలో ఒక ఫ్లాట్. రాత్రి ఎనిమిది. డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్, పక్కనే సగం తరిగిన దొండకాయలు.)

శ్రీవారు: మ్యూనిక్ టీమ్‌కి నా మీద నమ్మకం లేదట! డాలస్ మేనేజర్ చెప్పాడు. పన్నెండేళ్ల సర్వీసు నాది!

శ్రీమతి: మన పెళ్లయీ పన్నెండేళ్లే. నేనెవరికైనా చెప్పానా?

శ్రీవారు: వేళాకోళం వద్దు. మొన్న మీటింగ్‌కి గంట లేటయిందని మొదలైంది గొడవ. జర్మనీలో చలికాలం టైమని అక్టోబరు చివరి ఆదివారమే గడియారాలు గంట వెనక్కి తిప్పేశారు. మనమూ గంట ఆలస్యంగా వెళ్లాలి కాబోలని ఏడున్నరకి వెళ్లాను. తీరా మీటింగ్ పెట్టింది డాలస్ టైమ్ ప్రకారమట! అమెరికా వాళ్లు నవంబరు మొదటి ఆదివారం దాకా తిప్పరు. ఆరున్నరకే మొదలెట్టేశారు.

శ్రీమతి: మన హాల్లో గడియారం ఆగి నెలైంది. దాన్ని ఏ దేశం వాళ్లు తిప్పాలి?

శ్రీవారు: అది సరే కానీ, ఆ మ్యూనిక్ ఆయనకి మొహమాటమే తెలీదు. "శుక్రవారానికి అవుతుందా?" అంటాడు. కాదనలేక "అవుతుంది" అంటాం. నిజమనుకుంటాడు!

శ్రీమతి: పాపం! వంటింటి కుళాయి విషయంలో నేనూ అలాగే అనుకున్నాను.

శ్రీవారు: తల ఊపితే ఒప్పుకున్నానని రాసుకున్నాడు. వింటున్నానని ఊపానే!

శ్రీమతి: మా అక్క కూతురి పెళ్లికి నాలుగు రోజులు ముందెళ్దామంటే కూడా అలాగే ఊపారు. భోజనాల వేళకి చేరాం.

శ్రీవారు: నమ్మకం పెరగాలని రేపట్నుంచి అందరికీ వీడియోలో కాఫీ పెట్టాడు మేనేజర్. ఎవరి కప్పు వాళ్లదే.

శ్రీమతి: మన పాలబ్బాయి మొహం చూసి రెండేళ్లయింది. కాఫీ ఎప్పుడూ ఇవ్వలేదు. రాలేకపోతే ముందురోజు సాయంత్రమే "అమ్మా, రేపు కొనుక్కోండి" అని ఫోన్ చేస్తాడు. వాణ్ణి నమ్ముతాను. ఇంతకీ మీ పని ఎంతవరకు వచ్చింది?

శ్రీవారు: 90 శాతం అయిపోయింది.

శ్రీమతి: పోయిన వారం?

శ్రీవారు: 90.

శ్రీమతి: అంతకుముందు?

శ్రీవారు: నిలకడగా ఉంది.

శ్రీమతి: శుక్రవారానికి అవదని రాసేయండి. ఎప్పటికవుతుందో కూడా రాయండి.

శ్రీవారు: ఏమనుకుంటారే!

శ్రీమతి: ఇప్పుడేమనుకుంటున్నారో మీరే చెప్పారుగా.

(శ్రీవారు మూడుసార్లు కొట్టి, రెండుసార్లు చెరిపి, కళ్లు మూసుకుని పంపిస్తారు. రెండు నిమిషాల్లో 'టింగ్'.)

శ్రీవారు: ఇదిగో! "ముందే చెప్పినందుకు థాంక్స్. మా వైపు పని కూడా వచ్చే బుధవారానికి గానీ అవదు" అట! అంటే వీళ్లు కూడా...!

శ్రీమతి: సరే, ఇప్పుడు కుళాయి సంగతి.

శ్రీవారు: అదీ... 90...

శ్రీమతి: (దొండకాయ మీద చాకు ఆపి) ఏమండీ.

శ్రీవారు: నా వల్ల కాదే. ప్లంబర్ని పిలువు.

శ్రీమతి: పొద్దున్నే వచ్చి బాగుచేసి వెళ్లాడు. వెయ్యి అడుగుతున్నాడు, ఇచ్చేయనా అంటే మీరేగా మీటింగులోంచి తల ఊపారు!

శ్రీవారు: వింటున్నానని ఊపానే!