బొమ్మలేసేవాడు ముందు ఆస్తి తగలెయ్యాలి

పిల్లాడు బొమ్మలేస్తానంటే చాలు, కాలేజీ ఫీజులు వాకబు చేసే తల్లిదండ్రులకు మనవి. ఇంగ్లండు దొరల బొమ్మలేసి పేరుకెక్కిన చిత్రకారుడు సర్ ఫ్రాన్సిస్ గ్రాంట్ జీవితం ఒకసారి తిరగెయ్యండి. దారి ఖరీదైనదే కానీ దగ్గరిది.

ఈయన 1803లో, స్కాట్లండులోని కిల్‌గ్రాస్టన్ జమీందారుకు నాలుగో కొడుకుగా పుట్టాడు. వాటాకొచ్చిన 10,000 పౌన్లూ ఖర్చుపెట్టేసి, ఆనక వకీలుగా సంపాదించుకుంటానని బాహాటంగానే చెప్పేవాడని నవలాకారుడు వాల్టర్ స్కాట్ తన డైరీలో రాసుకున్నాడు. మొదటి పని చప్పున పూర్తయింది. రెండోదానికి చదవాలి కదా, కుదర్లేదు. దాంతో కుంచె పట్టాడు.

ఎంత తగలేశాడని కాదు, ఎక్కడ తగలేశాడో చూడండి. పేకాటలో పోగొడితే పేకాటరాయుళ్ళే మిగులుతారు. గ్రాంట్ పోగొట్టింది నక్కల వేటలో. ఇంగ్లండులో ఆ వేటకు పేరుపడ్డ మెల్టన్ మౌబ్రే ఊరి పొలాల్లో ఆయన పక్కన గుర్రం దూకించేవాళ్ళంతా ప్రభువులే, అంటే రేపటి ఖాతాదార్లే. 1829లో రెండో పెళ్ళి కూడా రట్లండ్ డ్యూకుగారి మేనకోడలితోనే. గుర్రాల బొమ్మలు ఆ ఊళ్ళోనే ఉన్న జాన్ ఫెర్న్‌లీ దగ్గర నేర్చాడు. తెలివైన పనే. ముక్కు కాస్త వంకరపోయినా దొరగారు సర్దుకుంటారు గానీ, గుర్రం మోకాలు తప్పితే బాకీ కట్టరు.

1834లో, లండన్లోని చిత్రకారుల సంస్థ రాయల్ అకాడమీలో, మెల్టన్ వేటగాళ్ళ టిఫిను బల్ల బొమ్మ ప్రదర్శించాడు. ఒక్క కాన్వాసు, బోలెడు మొహాలు, ప్రతి మొహం వెనకా ఓ బంధుబలగం! కాకపోతే గుంపు బొమ్మలో ఓ చిక్కుంది. వీపు చూపించి కూర్చోడానికి ఏ పెద్దమనిషీ ఒప్పుకోడు. ఒకరికి ఉత్తరం, ఇంకొకరికి పేపరు, ఇలా చేతికేదో పని చెప్పి మొహాలు మనవైపు తిప్పాలి. తినేవాడు మాత్రం ఉండకూడదు. నోట్లో ముద్ద ఉంటే పోలిక చెడుతుంది.

1840 నాటికి విక్టోరియా రాణినే గుర్రమెక్కించి గీశాడు. తమ్ముడు హోప్ గ్రాంటు తరవాత మన మద్రాసు సైన్యానికి అధిపతయ్యాడు. ఇంట్లో కష్టపడ్డ కొడుకూ ఉన్నాడన్నమాట.

1866లో అకాడమీ అధ్యక్ష పదవి, చిత్రకారుడు లాండ్‌సీర్ వద్దంటే గ్రాంటుకొచ్చింది. ఇటలీ మొహం చూడలేదని, పాత మహాచిత్రకారుల్ని చదవలేదని గొప్పలు చెప్పుకుంటాడని రాణిగారు సణిగారు. అయినా సర్ బిరుదు ఇవ్వక తప్పలేదు.

ఆయన హయాంలోనే అకాడమీ బర్లింగ్టన్ హౌస్‌కు మారింది. 999 ఏళ్ళ లీజు, ఏడాదికి ఒక పౌను అద్దె. వేటలో పోసిన 10,000 దాచుకుని ఉంటే, గ్రాంటు సొంతంగా పది లీజుల అద్దె కట్టేసి, మిగిలిన 10 పౌన్లు జేబులో వేసుకునేవాడు.