నాలుగొందల పిక్సెళ్ల ఆత్మగౌరవం

చీమకుర్తి రాయి మాట మీద నిలబడుతుంది. పది అడుగుల స్లాబ్ ఒంగోలులో ఉన్నా, ఓడెక్కి దేశాలు దాటినా పది అడుగులే. అలాంటి రాయి అమ్ముకునే ప్రకాశం జిల్లాలో, గ్రానైట్ షాపు వెబ్‌సైట్‌లోని కార్డు మాత్రం ఎవరి ఫోనుకు తగ్గట్టు వాళ్ల దగ్గర ఒదిగిపోవాలంటున్నారు కొందరు కుర్రాళ్లు. ఖండించక తప్పదు.

బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ ఫొటో, కింద ధర, ఆ కింద 'ఫోన్ చేయండి' బటన్. ఇదీ కార్డు. వెబ్‌సైట్లు కట్టే మా సంప్రదాయ వర్గం దానికి విడ్త్ 400 పిక్సెళ్లు రాసింది, ఎడమ నుంచి 37 శాతం జరిపింది. ఓనరు గారి తెర 1536 పిక్సెళ్లు. లెక్క వేసుకోండి, సరిగ్గా నడిమధ్యకు వస్తుంది. కొనేవాడి ఫోను 360 పిక్సెళ్లే అయితే అది వాడి తలరాత. అక్కడ కార్డు 133 దగ్గర మొదలై 533 దాకా పోతుంది, ధర సగమే కనబడుతుంది. సగం ధర చూసి సంతోషపడినవాళ్లు ఉండరా?

కుర్రాళ్ల మందు మ్యాక్స్ విడ్త్ 400, మార్జిన్ ఆటో. తెర పెద్దదైతే కార్డు 400 దగ్గర ఆగుతుందట, చిన్నదైతే తానే తగ్గుతుందట, మిగిలిన జాగాను బ్రౌజరే రెండు పక్కలా సమంగా పంచుతుందట. పంపకాలు కూడా బ్రౌజరే చేస్తే పెద్దమనుషులెందుకు?

కార్డులు ఎక్కువైతే వాటిని అడ్డం, నిలువు వరుసల గడుల్లో పేర్చే గ్రిడ్ అంటారు. 2017 నుంచి పెద్ద బ్రౌజర్లన్నిటిలో ఉంది, అయినా మాకు నిన్నగాక మొన్నటిదే. ఆటో ఫిట్ (పట్టినన్ని గడులు) పెట్టి, మిన్‌మ్యాక్స్‌లో కనీసం 280 పిక్సెళ్లు, గరిష్ఠం 1ఎఫ్ఆర్ (మిగిలిన జాగాలో ఒక వాటా) అని ఒక్క లైను రాస్తే ల్యాప్‌టాప్‌లో వరుసకు నాలుగైదు, ఫోనులో ఒక్కోటి నిలబడతాయి. జాగా చాలని కార్డు కింది వరుసకు పోతుంది, 2022లో జిల్లాలు విడదీసినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు పోయినట్టు.

అయితే ఇక్కడే వాళ్ల గుట్టు బయటపడింది. కార్డులు రెండే ఉంటే ఆటో ఫిట్ ఖాళీ గడులను మూసేసి, ఆ రెంటినీ తెరంతా సాగదీస్తుంది. ఆటో ఫిల్ పెడితే ఖాళీ గడులు అలాగే ఉండి రెండూ ఎడమకు అతుక్కుంటాయి. మేం చప్పట్లు కొట్టేలోపే ఒకడు ఆటో ఫిట్‌నే ఉంచి, 1ఎఫ్ఆర్ తీసేసి 320 పిక్సెళ్లు రాశాడు, జస్టిఫై కంటెంట్ సెంటర్ అన్నాడు. రెండు కార్డులూ బుద్ధిగా మధ్యకొచ్చి నిలబడ్డాయి. పనిచేస్తోంది, అదే మా బాధ.

"పైనుంచి కిందికి కూడా మధ్యలో పెట్టు అబ్బయ్యా" అన్నారు ఓనరు. దానికి మా దగ్గర తరతరాల పద్ధతి ఉంది. ఆయన "ఆఁ... ఆపు" అనేదాకా మార్జిన్ టాప్ పెంచుకుంటూ పోవడమే. అందులో మానవ సంబంధాలున్నాయి, మధ్యలో రెండు టీలున్నాయి. కుర్రాడేమో, "బయటి డబ్బాకు సొంత ఎత్తే లేదు, కార్డు ఎంతో అదీ అంతే. ఇంక మధ్య ఎక్కడిదండీ?" అన్నాడు. దానికి మిన్ హైట్ 100 డీవీహెచ్ (అంటే కనీసం తెరంత ఎత్తు), డిస్‌ప్లే గ్రిడ్, ప్లేస్ ఐటమ్స్ సెంటర్ ఇచ్చాడు. టీ వచ్చేలోపే పని అయిపోయింది. పెద్దల పట్ల ఇదేం మర్యాద?

మా డిమాండ్ ఒక్కటే. ఈ వెబ్‌సైట్‌ను పది అడుగుల ఫ్లెక్సీ కొట్టించి కర్నూలు రోడ్డులో కట్టాలి. కార్డు నడిమధ్యలోనే ఉంటుంది, ఏ ఫోనూ దాన్ని కదిలించలేదు. బటన్ నొక్కదలచినవాళ్లకు షాపువాళ్లే నిచ్చెన ఇస్తారు.