మ్యాటు మీది మూడు కిలోలు

బరువు తగ్గదలచుకున్న మనిషికి ఇంటిల్లిపాది అండ ఉండాలని డాక్టర్లు, శ్రేయోభిలాషులు ఒకే గొంతుతో చెబుతారు కానీ, ఆ అండ ఎంత బరువు ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పరు. నా విషయంలో అది నలుగురు మనుషులు, ఒక వాట్సాప్ గ్రూపు, గాజు పలకతో చేసిన ఒక తూకం మిషను రూపంలో వచ్చి నా నెత్తిన కూర్చుంది.

కథ మొదలైంది డాక్టరు గారి గదిలో. ఆయన నా రక్తపరీక్షల కాగితాలను ఒకసారి, కళ్ళజోడు పైనుంచి నన్ను ఒకసారి చూసి, రెండింటికీ పోలిక కుదిరినట్టు తల పంకించారు. పరగడుపు చక్కెర 114, రక్తపోటు 142/90, బరువు 92.4 కిలోలు. ఎత్తు 168 సెంటీమీటర్లు కాబట్టి బీఎంఐ 32.7 అని తేలింది. ఆ అంకె 25కు చేరితే అధిక బరువనీ, 30కి చేరితే స్థూలకాయమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ గీతలు గీసింది కనుక, నేను రెండు గీతలనూ దాటి షికారుగా చాలా దూరమే వచ్చేశానన్నమాట. బరువును ఎత్తు వర్గంతో భాగించే ఈ లెక్కను 1830లలో మొదట కట్టినవాడు కెటెలే అనే బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త అని తరువాత ఎక్కడో చదివాను. గ్రహాలను కొలిచేవాడి లెక్కలోకి నేను రావడంలో వింతేమీ కనిపించలేదు.

"కంగారు పడకండి. ఉన్న బరువులో నూటికి 5 వంతులు తగ్గినా చక్కెర, రక్తపోటు దారికి రావడం మొదలుపెడతాయి. వారానికి అరకిలో నుంచి కిలో వరకు తగ్గితే చాలు. వారం మొత్తం మీద కనీసం 150 నిమిషాలు కాస్త వడిగా నడవండి. రెండు నెలల తరువాత కనిపించండి," అన్నారు డాక్టరు గారు. అక్కడితో ఆగినా బాగుండేది. నా వెనక నిలబడి ఉన్న మా ఆవిడ వైపు తిరిగి, "ఇంట్లో అందరూ సాయం చేయాలమ్మా," అన్నారు.

ఆ సాయంత్రానికే అందరూ సాయం మొదలుపెట్టారు. మా ఆవిడ నా కంచానికి కనిపించని సరిహద్దులు గీసి, అందులో సగభాగాన్ని కూరగాయలకు రాసిచ్చింది. హైస్కూల్లో చదువుతున్న మా అబ్బాయి గళ్ళ కాగితం మీద రెండు గీతలు గీసి, దానిని ఫ్రిజ్ తలుపుకు అతికించి, నా పతనానికి గ్రాఫు సిద్ధం చేశాడు. మా బావమరిది వాట్సాప్ గ్రూపు పెట్టి, దానికి 'తగ్గాల్సిందే' అని పేరు పెట్టి, ఎవరూ అడగకుండానే అధ్యక్షుడైపోయాడు. అతడి బొజ్జ అతడి కంటే ముందుగా మా గుమ్మం దాటుతుందన్న సంగతిని ఎత్తి చూపడం సభామర్యాద కాదని నేను ఊరుకున్నాను.

అధ్యక్షుల వారు రోజుకు 10,000 అడుగులకు ఒక్కటి తగ్గినా ఒప్పుకునేవారు కారు. ఆ అంకె వేదవాక్కేమీ కాదనీ, 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన అడుగులు లెక్కపెట్టే పరికరానికి 'పదివేల అడుగుల మీటరు' అని అర్థం వచ్చే పేరు పెట్టడం వల్ల ప్రచారంలోకి వచ్చిందనీ నేను గ్రూపులో విన్నవించుకుంటే, "సాకులు చెప్పేవాళ్ళు సన్నబడరు బావా" అని జవాబు వచ్చింది. దానికి మా ఆవిడ, మా అబ్బాయి చప్పట్ల బొమ్మలు జత చేశారు. ఫలితంగా, రాత్రి పదిన్నరకు మిగిలిపోయిన ఆరువందల అడుగులను పూర్తి చేయడానికి చీకట్లో మంచం చుట్టూ ప్రదక్షిణలు చేస్తూ, మంచం కోడుకు కాలి చిటికెనవేలును సమర్పించుకున్న రోజులు కూడా ఉన్నాయి.

అమ్మ ఒక్కతే ఈ ఉద్యమంలో మొదటి నుంచీ ప్రతిపక్షం. "వాడు లావేమిటి, ఒళ్ళు కాస్త నిండుగా ఉంది, అంతే," అనేది ఆమె స్థిరమైన అభిప్రాయం. నా కంచంలో సరిహద్దులు గీసిన చోటల్లా ఆమె చెయ్యి చొరబాట్లకు పాల్పడేది.

ఆదివారం ఉదయం తూకం. ఆ తతంగం ఎంత ఘనంగా జరిగేదో చెప్పకపోతే ఆ తరువాత జరిగిన అవమానం మీకు అర్థం కాదు. నేను చేతి గడియారం తీసి, జేబులో తాళాలు తీసి, చివరకు కళ్ళజోడు కూడా తీసి, మిషను అంచును బొటనవేలితో తట్టేవాడిని. అది కళ్ళు తెరిచి సున్నాలు చూపించేది. ఊపిరి బిగబట్టి ఎక్కేవాడిని. ఊపిరి బిగబడితే బరువు తగ్గదని తెలిసినా, అటువంటి సమయంలో మనిషి సైన్సును నమ్ముకోలేడు. అంకె కొంతసేపు పైకీ కిందికీ ఊగిసలాడి, మూడుసార్లు మెరిసి, నిలిచిపోయేది. కళ్ళజోడు లేనందువల్ల దానిని నేను చదవలేకపోయేవాడిని. మా అబ్బాయి వంగి, తీర్పు చదివే న్యాయమూర్తిలా పైకి చదివేవాడు.

మొదటి వారం 90.9. ఇంట్లో పండగ. ఒళ్ళు దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ముందుగా ఖర్చవుతుందనీ, ఒక గ్రాము గ్లైకోజెనుతో పాటు సుమారు మూడు గ్రాముల నీరు కూడా బయటికి పోతుందనీ, అందువల్ల మొదట్లో తగ్గేది చాలావరకు నీరేననీ మా అబ్బాయి తన ఫోనులో చదివి వినిపించాడు కానీ, పండగ పూట ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు. రెండో వారం 91.2. మూడో వారం 91.4. గ్రాఫులో గీత తలెత్తింది. గ్రూపులో అధ్యక్షుల వారు "ఎక్కడో దొంగతిండి జరుగుతోంది" అని ఒకే ఒక్క వాక్యం రాశారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను వెంటనే మూతి తుడుచుకున్నాను. ఆ రోజు మిషను దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా కిటికీ దగ్గర కూర్చున్నాను. మర్నాడు నడకకు వెళ్ళలేదు. ఆ తరువాతి రోజు కూడా వెళ్ళలేదు. నాలుగో రోజుకు, లావుగా ఉండటం కూడా ఒక జీవన విధానమే కదా అన్న వేదాంతం నాలో మొలకెత్తింది.

నాలుగో ఆదివారం ఉరికంబం ఎక్కేవాడిలా మిషను ఎక్కాను. మా అబ్బాయి వంగి చూశాడు, మళ్ళీ చూశాడు, తన కళ్ళు తుడుచుకున్నాడు.

"88.3!"

మూడుసార్లు ఎక్కి దిగాను. మూడుసార్లూ అదే. ఇల్లంతా హోరెత్తిపోయింది. గ్రూపులో అధ్యక్షుల వారు, తన కఠినమైన క్రమశిక్షణే ఈ విజయానికి కారణమని ఒక సుదీర్ఘ సందేశం రాశారు. నాలుగు రోజుల పాటు నడక మానేసి మూడు కిలోలు ఎలా తగ్గానన్న ప్రశ్న నా మనసులో తలెత్తింది కానీ, వచ్చిన లక్ష్మిని ఎవరు వాకిట్లో నిలబెట్టి గోత్రం అడుగుతారు? బెల్టు మాత్రం ఎప్పటి చిల్లులోనే ఉంది. మూడు కిలోలు తగ్గినా బెల్టు కదలలేదంటే, పాతబడిన తోలు ముడుచుకుపోయి ఉంటుందని నిర్ధారించుకున్నాను. ఆశ పడిన మనిషి తర్కం అలాగే ఉంటుంది.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. ఆ అంకె చూసిన మర్నాటి నుంచి నాకు రెక్కలు వచ్చాయి. అలారం మోగకముందే లేచి నడకకు వెళ్ళేవాడిని. అరగంట నడవవలసినవాడిని ముప్పావుగంట నడిచేవాడిని. రాత్రిపూట బిస్కెట్ల డబ్బా దగ్గరకు వెళ్ళిన చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చేది. గ్రూపులో తిట్లు, కంచంలో సరిహద్దులు, మంచం కోడు చేసిన గాయాలు మూడు వారాలలో చేయలేని పనిని ఒక్క అంకె చేసింది. అయిదో వారం 88.0. ఆరో వారం 87.6. డాక్టరు గారు చెప్పిన 5 వంతుల లక్ష్యం 87.8 కాబట్టి, నేను దానిని దాటి కిందికి వెళ్ళిపోయాను. బావమరిది ఆ సాయంత్రం కేకు పట్టుకొచ్చాడు. దాని మీద క్రీముతో 87.6 అని రాయించాడు. బరువు తగ్గినందుకు కేకు తినడం సబబేనా అని ఎవరూ అడగలేదు. దశాంశ బిందువు ఉన్న ముక్క నాకే దక్కింది. అధ్యక్షుల వారు మిగతా మూడు అంకెలలో రెండింటిని స్వాహా చేశారు.

రెండు నెలల గడువు ముగియగానే, ర్యాంకు వచ్చిన పిల్లవాడు మార్కుల కాగితం పట్టుకుని వెళ్ళినట్టు డాక్టరు గారి దగ్గరకు వెళ్ళాను. నాతో పాటు మా ఆవిడ, మా అబ్బాయి, ఘనతలో వాటా కోసం బావమరిది కూడా వచ్చారు. బూట్లు విప్పి, నవ్వుతూ అక్కడి మిషను ఎక్కాను.

91.3.

"మీ మిషను పాడైనట్టుంది డాక్టరు గారూ," అన్నాను, సాధ్యమైనంత వినయంగా.

ఆయన ఏమీ అనకుండా తాను ఎక్కి చూసుకున్నారు. ఆయన బరువు ఆయనకు తెలిసినంతే ఉంది. నర్సు కూడా ఎక్కి చూసి, సరిగ్గానే ఉందని సాక్ష్యం చెప్పింది. నా వెనక నుంచి బావమరిది గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది. ఆ ఒక్క దగ్గులో 'దొంగతిండి' అన్న మాట స్పష్టంగా ఉంది. డాక్టరు గారు మాత్రం ఇదేమీ పట్టించుకోకుండా రక్తపోటు చూసి, కాగితాలు తిరగేసి, "134/86. చక్కెర 106. చాలా బాగుంది, ఇలాగే నడవండి," అన్నారు. ఆ మాట మాలో ఎవరి చెవికీ ఎక్కలేదు. మేమందరం పోయిన మూడున్నర కిలోల కోసం వెతుక్కుంటున్నాము.

ఇంటికి వచ్చాక దర్యాప్తు మా అబ్బాయి చేతిలోకి వెళ్ళింది. కాగితం, కలం తీసుకుని వాడు చెప్పిన లెక్క ఇది. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు ఉంటాయి. ఒక్క వారంలో 3.1 కిలోల కొవ్వు తగ్గాలంటే రోజుకు సుమారు 3,400 కేలరీల లోటు ఉండాలి. "నాన్న ఒళ్ళు రోజంతా ఖర్చు చేసేదే అంత ఉండదు. అంటే ఆ వారమంతా ఏమీ తినకపోయినా తగ్గడం కుదరదు. పైగా ఆ వారంలో నాన్న కూరలు వద్దని చపాతీలు..." అని వాడు మొదలుపెట్టగానే, సాక్షిని అక్కడితో ఆపించాను.

వాడు స్నానాల గది ముందున్న తూకం మిషను దగ్గరకు వెళ్ళి, నేల మీద చతికిలబడి, చెంప నేలకు ఆనించి దాని అడుగు భాగాన్ని చూశాడు. "నాన్నా, దీని కింద మ్యాటు ఎప్పటి నుంచి ఉంది?" అన్నాడు.

అప్పుడు చూశాము. మెత్తటి, దళసరి కుచ్చుల మ్యాటు. మిషను నాలుగు కాళ్ళూ ఆ కుచ్చులలో కూరుకుపోయి, పొట్ట మ్యాటుకు ఆని ఉంది. మిషను కాళ్ళలో చిన్న లోహపు ముక్కలు ఉంటాయనీ, బరువు పడినప్పుడు అవి కనీ కనిపించనంతగా వంగితే వాటి విద్యుత్ నిరోధం మారుతుందనీ, ఆ మార్పును బట్టే అంకె వస్తుందనీ, కాళ్ళ మీద పడవలసిన బరువులో కొంత పొట్ట మీదుగా మ్యాటులోకి జారిపోతే ఆ మేరకు అంకె తగ్గుతుందనీ వాడు వివరించాడు. మ్యాటు తీసి గచ్చు మీద పెట్టి ఎక్కాను. 91.1. మళ్ళీ మ్యాటు మీద పెట్టి ఎక్కాను. 87.5. ఆ మూడున్నర కిలోలూ కుచ్చుల మధ్య హాయిగా నిద్రపోతున్నాయి.

"ఎవరు వేశారు దీన్ని?" అని మా ఆవిడ అడిగింది. నేను కాదంటే నేను కాదన్నాము. వంటింట్లో గిన్నెల చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది.

అమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "నేనే వేశాను. ఇల్లు ఊడుస్తూ దాన్ని తీసి మ్యాటు మీద పెట్టాను. ఎలా ఉందో చూద్దామని ఎక్కితే నాకు నాలుగు కిలోలు తగ్గింది. వారం వారం దాని మీద ఎక్కి దిగేసరికి నీ ముఖం వాడిపోతోంది. అన్నం సరిగ్గా తినడం లేదు, మాట్లాడటం లేదు, కిటికీ దగ్గర కూర్చుంటున్నావు. నాకు తగ్గినట్టే నీకూ తగ్గుతుంది కదా, పోనీలే నాన్నా అని అక్కడే ఉంచేశాను," అంది. ఆమె గొంతులో తప్పు చేసిన జాడ వెతికినా దొరకలేదు. పైగా, "అది వేసిన దగ్గర నుంచే కదా నువ్వు రోజూ నడుస్తున్నావు," అని మా మీదే కేసు తిప్పింది.

దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. అధ్యక్షుల వారు ఏదో అనబోయారు కానీ, మా ఆవిడ ఆయన తమ్ముడన్న మొహమాటం కూడా లేకుండా, "నువ్వూ ఒకసారి ఎక్కరా, గచ్చు మీదే," అనేసరికి, ఆయనకు అత్యవసరమైన పని ఏదో గుర్తుకు వచ్చింది. ఆ రాత్రికి గ్రూపు పేరు 'చూద్దాం' అని మారింది.

ఇప్పుడు తూకం నెలకు ఒకసారే. గ్రాఫును మా అబ్బాయి చింపేయలేదు కానీ, ఆ వారాల దగ్గర ఎర్ర సిరాతో 'మ్యాటు యుగం' అని రాశాడు. ఉదయపు నడకకు అమ్మ కూడా వస్తోంది. ఆమె నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి, నేను వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, ఆమెను పలకరించి, మళ్ళీ వెళ్తుంటాను. ఆమె ఒకసారి చేరేలోగా నాకు మూడు చుట్లు అవుతాయి. అడుగులు ఎన్నయ్యాయని ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. నీళ్ళ సీసా మాత్రం ఆమె చేతిలోనే ఉంటుంది.

మొన్న ఆదివారం గచ్చు మీద 90.2 వచ్చింది. నా తరువాత అమ్మ కూడా చూసుకుంటానంది. మిషను వైపు ఒక కాలు ఎత్తి, మళ్ళీ దించి, చుట్టూ చూసి, మనవడితో అంది: "నాకు మాత్రం ఆ మ్యాటు తెచ్చి వెయ్యరా."