కందిగింజ మీద రెండు కోట్ల మంది

దేశంలో ఇంకా తేలాల్సిన సమస్యలు చాలా ఉన్నాయని నాకు తెలుసు. అయినా సామాన్యుడు తన తాహతుకి తగ్గ చిన్న డిజిటల్ కెమెరా ఎలా కొనుక్కోవాలన్నది ముందు తేల్చాలని పెద్దలకు నా మనవి. నేను మూడు నెలలుగా తేల్చలేక కోఠికీ ఇంటికీ తిరుగుతున్నాను.

మా ఇంట్లో ఉన్నది 2009లో కొన్న 10 మెగాపిక్సెల్ కెమెరా, అంటే బొమ్మని కోటి చుక్కలతో (పిక్సెల్స్‌తో) దించేది. దాని నేరం బాచుపల్లిలో మా బావగారి గృహప్రవేశంలో రుజువైంది. తెల్లవారుజామున నాలుగున్నరకి ముహూర్తం. ఆ హడావుడిలో మెమరీ కార్డు పెట్టడం మర్చిపోయాను, లోపలి మెమరీలో పట్టినవే నాలుగు ఫోటోలు. ఆవుని గడప దాటిస్తుంటే ఒకటి తీశాను. ఆవు కళ్ళు పచ్చగా, బావగారి కళ్ళు ఎర్రగా పడ్డాయి. వెనక తెర మీద చూసి మా అక్క, "ఒరేయ్ తమ్ముడూ, ఈ డబ్బా మార్చరా" అంది.

చిన్న కెమెరాలో ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది. ఆ వెలుగు తిన్నగా వెళ్ళి కంటి వెనక రక్తనాళాలని తాకి వచ్చిన దారినే తిరిగొస్తుంది, తప్పు బావగారిదీ కాదు, నాదీ కాదు. ఇంత శాస్త్రం చెప్పినా ఎవరూ వినలేదు. కొత్తగా ఏ చిన్న కెమెరా కొన్నా ఫ్లాష్ అక్కడే ఉంటుందన్న సంగతి మాత్రం నేను పైకి అనలేదు. అంటే కొననివ్వరు.

బడ్జెట్ 15,000. కోఠిలో షాపు కుర్రాడు నన్ను చూడగానే మనిషి రకం పట్టేశాడు. "అన్నా, గిది ట్వంటీ మెగాపిక్సెల్. మీ దానికి డబుల్ ఉంటది" అన్నాడు. నాకు నచ్చింది. వంకాయలైనా కెమెరాలైనా మొగ్గు చూసే కొనాలని మా నాన్న నేర్పాడు. స్టూడియోలో కడిగించే నాలుగు బై ఆరు ఫోటోకి 2 మెగాపిక్సెల్ ఉంటే చాలని గిట్టనివాళ్ళు లెక్క చెబుతారు. మిగతా 18 ఏం చేస్తాయని అడుగుతారు. పెళ్ళికి వచ్చిన స్టీలు గిన్నెలు ఏం చేస్తున్నాయని వాళ్ళని ఎవరైనా అడిగారా? అటక మీద ఉన్నాయి. ఉండనివ్వండి.

ఆ పక్కనే ఐదారు వేలకే 48 మెగాపిక్సెల్ అని రాసిన పెట్టె కూడా ఉంది. అలాంటి వాటిలో సెన్సర్, అంటే లెన్స్ వెనక వెలుతురు పట్టే చిప్పు, నిజంగా చూసే చుక్కలు కొన్నే, మిగతావి కెమెరా ఊహించి నింపుతుందట. రేషన్ కార్డుల జాబితాలు చూసినవాళ్ళకి ఇందులో కొత్తేమీ లేదు.

అసలు చిక్కు సెన్సర్‌తో వచ్చింది. నా బడ్జెట్‌లో దొరికే కెమెరాల్లో సెన్సర్ 6 మిల్లీమీటర్ల పొడవు, నాలుగున్నర వెడల్పు. అంటే కందిగింజంత. దాని మీద రెండు కోట్ల పిక్సెల్స్ కాపురం. అమీర్‌పేట హాస్టల్లో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఎండ ఉన్నంతసేపూ తలా కాస్త వెలుతురు అందుతుంది. సాయంత్రం ఫంక్షన్ హాల్లో దీపాలు తగ్గించారంటే, ట్యాంకులో నీళ్ళు అడుగంటిన హాస్టలే. ఎవరికీ చాలదు. పెళ్ళికూతురి మొహం నిండా ఇసక చల్లినట్టు మచ్చలు.

మాదాపూర్‌లో పనిచేసే మా అన్నయ్య కొడుకు దీనికి విరుగుడు చెప్పాడు. "బాబాయ్, మెగాపిక్సెల్స్ వదిలెయ్. ఒక అంగుళం సెన్సర్ ఉన్నది తీసుకో." 2012లో సోనీ జేబులో పట్టే కెమెరాలో అంగుళం సెన్సర్ పెట్టినప్పటినుంచీ తెలిసినవాళ్ళ నోట ఇదే మాట. నేను స్కేలు పట్టుకునే మనిషిని కాబట్టి కొలతలు వెతికాను. 13.2 మిల్లీమీటర్లు, 8.8 మిల్లీమీటర్లు. మూల నుంచి మూలకి కొలిచినా 16. అంగుళానికేమో 25.4. మిగతా తొమ్మిది మిల్లీమీటర్లు ఏమయ్యాయయ్యా అంటే, అది వెనకటి వీడియో కెమెరాల్లో గాజు గొట్టం బయటి కొలతట! హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నవాడిని నాకు ఇంతకంటే విడమరచి చెప్పాలా? మెట్లూ లిఫ్టూ కలిపి చెప్పే సూపర్ బిల్టప్ ఏరియా ఇది. డబ్బు మాత్రం పూర్తి అంగుళానికే కట్టాలి, అదీ నా బడ్జెట్‌కి కొన్ని రెట్లు.

జూమ్ సంగతి ట్యాంక్‌బండ్ మీద తేల్చుకున్నాను. బుద్ధుడు 1992 నుంచీ సాగర్ మధ్యలో కదలకుండా నిలబడి ఉన్నాడు, పరీక్షకి అంతకన్నా ఓపికైనవాడు దొరకడు. ఆఫీసు మిత్రుడి దగ్గర అరువు తెచ్చిన కెమెరాతో లెన్స్ కదిలినంతవరకు ఆయన ప్రశాంతంగానే ఉన్నాడు. డిజిటల్ జూమ్ మొదలవగానే ఉన్న బొమ్మనే కత్తిరించి సాగదీసింది, ఆయన మొహం బాత్రూం టైల్స్‌లా వచ్చింది.

ఆరో నిజాం ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద దర్బారునంతా దించాడు. ఆయన్ని ఎన్ని మెగాపిక్సెల్స్ అని అడిగిన బావమరిది లేడు. అదృష్టవంతుడు.

చివరికి ఒక ధర్మసూక్ష్మం తట్టింది. పాతది చేతిలో ఉన్నంతకాలం కొత్తది కొనలేం. కాబట్టి పాతదాన్ని ఎక్స్‌చేంజ్ కింద ఒక షాపులో ఇచ్చేశాను. 300 రూపాయలకి చీటీ రాసిచ్చారు, కొత్తది కొన్నప్పుడు తగ్గిస్తారట. ఆ చీటీ ఇంకా నా జేబులోనే ఉంది.

మొన్న ఆదివారం మా అమ్మాయి హాస్టల్ నుంచి వచ్చింది. వచ్చేదారిలో ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో దిగి 3,500 పెట్టి ఒక సెకండ్ హ్యాండ్ కెమెరా కొనుక్కుంది. ఫోన్ ఫోటోలు మరీ నున్నగా ఉంటున్నాయట, ఇప్పుడు పిల్లలందరికీ ఆ కాలం కెమెరాలే కావాలట. వాళ్ళమ్మని ఫ్లాష్ వేసి తీసింది. "చూడు నాన్నా, కళ్ళు ఎర్రగా ఎంత బాగా వచ్చాయో! వింటేజ్!"

తర్వాత బటన్లు నొక్కుతూ నొక్కుతూ ఆగింది.

"నాన్నా, కార్డు లేకుండానే ఇందులో నాలుగు ఫోటోలున్నాయి. ఎవరిదో ఆవు. పక్కనున్నాయన అచ్చం మన బాచుపల్లి మామయ్యలాగే ఉన్నాడు."