నడుం నొప్పికి మాత్ర రాస్తారు, నిద్ర పడుతోందా అని అడగరేం?

ఏ ఊళ్లోనైనా ఆర్థో ఓపీ దగ్గర కాసేపు కూర్చుంటే తెలుస్తుంది, నడుం పట్టేసినోళ్లు, మోకాళ్ల గుజ్జు అరిగిందని చెప్పించుకున్నోళ్లు, మెడ తిప్పలేనోళ్లు ఎక్స్‌రే కవర్లు పట్టుకుని నిలబడి ఉంటారు. ఎక్కడ నొప్పి అని నొక్కి చూస్తారు, బెల్టు, మాత్రలు రాస్తారు, అయిపోయింది. రాత్రి నిద్రపోతున్నావా అమ్మా, దిగులుగా ఉంటోందా అని అడిగేవాళ్లు చాలా తక్కువ.

మూడు నెలలు దాటిన నొప్పి ఒక్క ఎముకకో కండరానికో సంబంధించింది కాదు. నొప్పితో నిద్ర పట్టదు, నిద్ర లేక నొప్పి ఇంకా ఎక్కువ తెలుస్తుంది, వంగితే ఏమవుతుందోనన్న భయంతో కదలడం మానేస్తే కండరాలు బలం తగ్గుతాయి, కూలికి పోలేక చేతిలో డబ్బులుండవు, ఇంట్లో వాళ్లేమో పని తప్పించుకోడానికి నాటకాలు అంటారు. అలాంటి మనిషికి డిప్రెషన్ రావడంలో వింతేముంది? ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం, ఒళ్లంతా నొప్పే కానీ స్కాన్లు నార్మల్, దాంతో "నీకేం లేదు, అంతా నీ మనసులోనే" అనేస్తారు. ఈ మాట అన్యాయం అని మేం గట్టిగా చెప్తున్నాం. వాళ్ల నొప్పి నిజం.

ఇంకోటి. డులాక్సెటిన్ లాంటి మందులు డిప్రెషన్‌కీ ఇస్తారు, దీర్ఘకాలిక నొప్పికీ ఇస్తారు. ఆ ముక్క డాక్టరు చెప్పకపోతే పేషెంటు గూగుల్‌లో చూసుకుని, నన్ను పిచ్చోణ్ణి అనుకున్నారని మధ్యలోనే ఆపేస్తాడు, అలా ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, వికారం లాంటి ఇబ్బందులు రావచ్చు. ఒక్క నిమిషం చెప్తే సరిపోయేదానికి ఇంత నష్టం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబర్లో ఇచ్చిన నడుం నొప్పి మార్గదర్శకాల్లో వ్యాయామం, అవగాహన, ఆలోచనా తీరు మార్చే కౌన్సెలింగ్ ఉన్నాయి, మామూలుగా అందరికీ బెల్టులు వాడొద్దనీ ఉంది. మన దగ్గర మాత్రం బెల్టు మెడికల్ షాపులో వెంటనే దొరుకుద్ది, కౌన్సెలర్ కావాలంటే పెద్ద సిటీకి బస్సెక్కాలి.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాల్ని మేం అడిగేది కోట్ల ఖర్చు పని కాదు. ఏరియా ఆస్పత్రుల ఆర్థో ఓపీల్లో, గత రెండు వారాల్లో దిగులుగా ఉందా, పనుల మీద ఆసక్తి పోయిందా అనే రెండు ప్రశ్నలు తప్పనిసరి చెయ్యండి, అవును అన్నవాళ్లని ఫిజియోథెరపిస్టుతో పాటు కౌన్సెలర్ దగ్గరికీ పంపండి. తెలుగులో ఉచితంగా మాట్లాడగలిగే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416ని ప్రతి ఓపీ చీటీ మీదా పెద్దక్షరాలతో అచ్చు వెయ్యండి.