మరీ ముసలి రెక్కలకు మినహాయింపు

వయసు మళ్లిన విమానాల నిర్మాణాన్ని ప్రత్యేకంగా తనిఖీ చేయించాలని అమెరికాలో నిబంధనలు రాసిన పెద్దలు, మరీ పాతకాలపు చిన్న విమానాలకు వాటి నుంచి మినహాయింపు ఇచ్చారు. అరవై దాటినవారికి గుండె పరీక్ష తప్పనిసరి చేసి, తొంభై దాటినవారిని ‘మీకెందుకు లెండి ఈ శ్రమ’ అని గుమ్మంలోంచే సాగనంపినట్టున్న ఈ దూరదృష్టిని మనం వినయంగా అభినందించాలి.

అలా గట్టెక్కిన భాగ్యశాలి 1947లో తయారైన గ్రమ్మన్ మల్లార్డ్. చాక్స్ ఓషన్ ఎయిర్‌వేస్ వారు దాన్ని మయామీ నుంచి బహామాస్‌కు నడిపేవారు. నీటి మీద వాలి, నీటి మీంచే లేచే విమానం, అదీ ఉప్పునీరు. కొన్ని అల్యూమినియం మిశ్రమలోహాలకు ఎడతెగని లాగుడుతో పాటు ఉప్పూ తగిలితే, విమానం షెడ్డులో ఊరికే నిలబడి ఉన్నా తుప్పు పగులు పెరుగుతూనే ఉంటుంది. లాగ్‌బుక్‌లోని గంటల లెక్కతో దానికి పనిలేదు. ఇక ఎగిరిన ప్రతిసారీ భారం పడి లోహం అలసిపోవడం వల్ల వచ్చే పగులు వేరు. మల్లార్డ్ రెక్కలో తిష్ఠ వేసింది ఈ రెండోది. ఇలాంటి పగుళ్లను తొలిదశలో పట్టాలంటే అవసరమైనచోట రంగు ఊడగొట్టాలి, లోహంలో కరెంటు సుడులు రేపి పగుళ్లు పసిగట్టే ఎడ్డీ కరెంట్ ప్రోబును బోల్టు రంధ్రాల్లో తిప్పాలి, ఒక్కో రంధ్రం దగ్గర మీటరు ముల్లును కళ్లార్పకుండా చూడాలి.

అంత తతంగం ఎందుకని కాబోలు, ఆ రెక్క తన జబ్బును తానే చెప్పుకుంది. మల్లార్డ్‌కు రెక్కే ఇంధన ట్యాంకు. లోపల లోహం చిట్లితే బయటికి ఇంధనం కారుతుంది. ఆ సంస్థ విమానాల్లో ఇంధనం కారుతూనే ఉండేది. దానికి జరిగిన వైద్యం సీలెంటు, అంటే కారే సందులు మూసే జిగురు ముద్ద. దృశ్యం ఊహించుకోండి: పైలటు ‘కారుతోంది’ అని రాస్తాడు, మెకానిక్కు పూస్తాడు, ‘సరిచేయబడినది’ అని సంతకం పడుతుంది, మళ్లీ కారుతుంది, మళ్లీ పూస్తారు, మళ్లీ సంతకం. చివరికి సీలెంటు పొర కింద పగులు కంటికి కనిపించనంత భద్రంగా దాక్కుంటుంది. రెక్క చర్మం చీలినచోట పైనుంచి అతుకు కూడా వేశారు. పైన పటారం, లోన లొటారం.

2005 డిసెంబరు 19న, నీటి మీంచి లేచిన కాసేపటికే, మయామీ బీచ్ దగ్గర కుడి రెక్క ఊడిపోయింది. విమానంలోని 20 మందీ చనిపోయారు. వారిలో ముగ్గురు చంటిపిల్లలు. ట్యాంకు ఎందుకు కారుతోందని ఒక్కరంటే ఒక్కరు లోపలిదాకా వెళ్లి చూడలేదు! డబ్బా సీలెంటు చాలనుకున్నవారినీ, తనిఖీ పేరుతో వచ్చి ఏమీ పట్టుకోకుండా వెళ్లిన ప్రభుత్వ అధికారులనూ ఏ మర్యాదగల మాటతో పిలవాలో నాకు తోచడం లేదు. ప్రభుత్వ దర్యాప్తు సంస్థ 2007 నాటి నివేదిక ఇద్దరినీ తప్పుపట్టి, ఆ మినహాయింపులు ఎత్తివేయాలని సిఫారసు చేసింది. సిఫారసట! అంతమంది పోయాక కూడా, ముసలి విమానాన్ని పరీక్షించండయ్యా అని ప్రభుత్వాన్ని ప్రభుత్వమే బతిమాలుకోవలసి వచ్చింది.