అటక మీది బాణం గారికి

మహారాజశ్రీ బాణం గారి సముఖమునకు,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు. 1984 నుంచి అదే అటక మీద, అదే తప్పుడు దారిలో దూసుకుపోతూనే ఉన్నారని నిన్న మధ్యాహ్నం స్వయంగా అనుభవించాను.

ఆదివారం. పప్పుచారు, గుమ్మడి వడియాలు తిని కునుకు తీయాల్సిన వేళ. అది మానేసి లాప్‌టాప్‌లో ఎమ్యులేటర్, అంటే పాత కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రాం, పెట్టుకుని 1984 నాటి ‘జెట్ సెట్ విల్లీ’ అనే ఆట ఆడాను. పార్టీ అయ్యాక విల్లీ అనేవాడు తన మేడంతా తిరిగి వస్తువులు ఏరాలి, అదే ఆట. దొరికిన కాపీ తప్పులు దిద్దినదే అనుకున్నాను, నా ఖర్మ. మూడు గంటల పాటు తాళ్ళు పట్టుకు ఊగి, రంపాల మీంచి గెంతి, 83 వస్తువుల్లో 41 ఏరాను. అప్పుడు మీ అటక ఎక్కాను. మీరు నన్ను తాకనైనా లేదు, ఎంత మర్యాద! కిందికి దిగి చూస్తే ప్రార్థనామందిరంలో ఒక్క రాక్షసుడూ లేడు. సిగ్గులేకుండా సంతోషించాను కూడా. ఇంకో గదిలో అడుగు పెట్టగానే విల్లీ చచ్చాడు. గుమ్మంలోనే మళ్ళీ లేచాడు, మళ్ళీ చచ్చాడు. లేవడం, చావడం. మిగిలిన ప్రాణాలన్నీ నేను టీ గ్లాసు కింద పెట్టేలోపు అయిపోయాయి.

వెనకనుంచి మా అమ్మాయి, “నాన్నా, దీనికి అప్‌డేట్ రాలేదా?” అంది. జాలితో అందో, వెటకారంగా అందో తెలియలేదు.

రామబాణానికి తిరుగులేదంటారు. మీకు హద్దే లేదు. ఈ ఆట పుట్టిన స్పెక్ట్రమ్ అనే పాత ఇంటి కంప్యూటర్లో తెర బొమ్మకని ఇచ్చిన చోటు 6,912 బైట్లు. బాణమన్నాక ఆ గట్టు లోపల ఎగరాలి. తమరు గట్టు దాటి, పక్కనున్న ఆట సమాచారం మీద పడి, అచ్చు ఆంబోతు చేలో పడ్డట్టు తొక్కేశారు. ఎక్కడ తొక్కితే ఆ గది పాడు. పోనీ ఆట మళ్ళీ మొదలుపెడితే నయమవుతుందా అంటే అదీ లేదు. మెమరీలో పడ్డ మీ డెక్కల గుర్తులు అలాగే ఉంటాయి. క్యాసెట్ వెనక్కి తిప్పి, మొదటినుంచి లోడ్ చేసుకోవాలి. నాకైతే ఒక్క క్లిక్కు. ఆ రోజుల్లో లివర్‌పూల్‌లోనో లీడ్స్‌లోనో ఒక పిల్లవాడు ఆ కీచు రొద వింటూ, టీవీ అంచున పరిగెత్తే నీలం పసుపు చారలు చూస్తూ నిమిషాల తరబడి కూర్చోవాలి. అప్పుడు రంగుల కార్డు తీసి, ఫలానా గడిలో ఏ నాలుగు రంగులున్నాయో చెప్పాలి. 180 గడులు! కాపీలు కొట్టకుండా కాపలా అట. రంగుల తేడా కళ్ళకు ఆనని పిల్లవాడి గతేమిటని ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఇన్నీ దాటుకుని అటక ఎక్కితే అక్కడ తమరు.

ఇదంతా మింగుతాను బాణం గారూ. ఇరవై ఏళ్ళుగా టెస్టింగ్‌లో ఉన్నవాణ్ణి, పొరపాటును పొరపాటుగా చూడటం తెలుసు. మింగుడు పడనిది తర్వాతి కథ.

ఫిర్యాదులు వస్తే ఆట అమ్మినవాళ్ళు ఏం చెప్పారో గుర్తుందా? అది తప్పు కాదట. ఆట కష్టంగా ఉండాలని కావాలనే పెట్టారట. ఆ గదుల్లో విషవాయువు నిండి ఉందట! విషవాయువు! ఇంట్లో పార్టీ అయ్యాక వస్తువులు సర్దుకుంటున్న మనిషికి విషవాయువు ఎక్కణ్ణించి వచ్చింది? గ్యాస్ బండ లీకైందా? అదే వాయువు మందిరంలోని రాక్షసులను మాయం చేసిందా? చంపేదే అయితే నేను అటక ఎక్కకముందు ఎందుకు చంపలేదు? నా బాస్ పోయిన వారం మూడు గంటల మీటింగు పెట్టి, నేను పట్టిన బగ్గుకు ‘యాజ్ డిజైన్డ్’, అంటే కావాలనే అలా చేశాం, అని ముద్ర కొట్టి మూసేశాడు. ఆ ముద్ర ఈమధ్యే కనిపెట్టారనుకున్నాను. కాదు, నలభై ఏళ్ళ కిందటే మీ ఇంట్లో విషవాయువు పేరుతో వాడుకలో ఉంది. చివరికి ఆ మాట వెనక్కి తీసుకున్నారు లెండి, మెమరీలో ఫలానా చోట ఫలానా అంకె పెట్టుకోండని పోక్ ఆదేశాలు ఇచ్చారు. అమ్మా, నువ్వడిగిన అప్‌డేట్ అదే. కొన్నవాడే చేత్తో కొట్టుకోవాలి.

ఇక మిమ్మల్ని ఎగరేసినవాడి సంగతి. మాథ్యూ స్మిత్ 1966లో పుట్టాడు. 1983లో టీఆర్‌ఎస్-80 అనే మరో కంప్యూటర్ ముందు కూర్చుని, స్పెక్ట్రమ్ కోసం సుమారు ఎనిమిది వారాల్లో ‘మానిక్ మైనర్’ రాశాడు. ఇరవై గుహలు, ఆడుతున్నంతసేపూ సంగీతం. మా ఆఫీసులో ఎనిమిది వారాలకు ఒక బటన్ రంగు తేలుతుంది. మొదటి ప్రచురణకర్తతో ఉన్నది ఫ్రీలాన్స్ ఒప్పందం కాబట్టి, ఆట హక్కులు చంకన పెట్టుకుని బయటికొచ్చి, మరో ఇద్దరితో కలిసి సొంత సంస్థ పెట్టాడు. విషవాయువు ఆ సంస్థ చెప్పిన కబురే. అందులో ఆయనకూ వాటా ఉంది, ఆ మాట దాచను. ఆ మొదటి ఆటలో గనుల్లో సంపాదించిన డబ్బుతో విల్లీ మేడ కొన్నాడన్నది రెండో ఆట కథ. అరవై గదుల మేడ, 48 కిలోబైట్ల ర్యామ్‌లో. ఇవాళ పొద్దున మా బావగారు పంపిన శుభోదయం గులాబీ పువ్వు అంతకంటే పెద్దది.

ఆ తర్వాత? ఆ తర్వాతేమీ లేదు, అదే నా బాధ. మూడో ఆట వస్తుందన్నారు, రాలేదు. మార్స్ గ్రహం నుంచి వచ్చే జాంబీ కోళ్ళ ఆట ఒకటి ప్రకటించారు, ఆ కోళ్ళు గుడ్డు నుంచి బయటికే రాలేదు. 1988కి సంస్థ మూతపడింది. ఆయన నెదర్లాండ్స్‌లో ఒక కమ్యూన్‌లో ఉంటే, అభిమానులు ఏమైపోయాడని వెతికారు. ఇరవై నిండకముందే బ్రిటన్ అంతా ఆడుకునే ఆటలు రెండు రాసినవాడు, మూడోది మన చేతికి ఇవ్వలేదు.

నీ వల్లేనని అనను. అంత గొప్ప నీకివ్వను. వెనక విల్లు లేని బాణానివి, విల్లీ మీద పడ్డావు, అంతే నీ బతుకు. కానీ పద్ధెనిమిదేళ్ళ కుర్రాడు అన్ని గదులు గీసి, అన్ని తాళ్ళు ఊపి, ఒక్క దారి లెక్క తప్పితే, ఆ తప్పు పట్టుకుని నలభై ఏళ్ళు ఊరేగుతున్నావే, సిగ్గుండాలి! ఆయన పేరెత్తగానే జనం నీ కథే మొదలుపెడతారు. ఇదిగో నేనూ ఇంతసేపూ రాసింది నీ గురించే, ఆ గుహల గురించి రెండు వాక్యాలు రాశానో లేదో.

దిద్దిన కాపీ రాత్రే దింపుకున్నాను. ఇంకా తెరవలేదు. మీరు బుద్ధిగా గట్టు లోపల ఎగురుతుంటే చూడాలని ఉంది, చూస్తే ఎలా ఉంటుందోనని బెంగగానూ ఉంది.

ఇట్లు,
41 వస్తువుల దగ్గర ఆగిపోయినవాడు

తా.క. పడకగది గుమ్మంలో విల్లీ ఇల్లు చూసుకునే మరియా గారు కనిపిస్తే నా నమస్కారాలు చెప్పండి. ఇల్లు సర్దందే లోపలికి రానివ్వనంది, నిజంగానే రానివ్వలేదు. మేడ మొత్తంలో గ్యాస్ మాట ఎత్తనిది ఆవిడొక్కతే.